పెద్దల్లో కలిసిన దాలయ్య

పోయిన వారం జీవరత్నమ్మను పలాస రైలు స్టేషను వెనక, సగం కప్పు వేసిన సావడి ముందు నిలబెట్టి వదిలేశాం. పాపం, ఏడు రోజులుగా ఆవిడ అలాగే ఎండలో ఉంది. ఈ పుట మొదటిసారి తిప్పినవారికి ఆవిడ ఎవరో నాలుగు ముక్కల్లో చెప్పి, ఆ తర్వాత కదుపుదాం.

జీవరత్నమ్మ టెక్కలి మిషను ఆడపిల్లల బడిలో పంతులమ్మ. మాట గట్టిది, నడక అంతకంటే గట్టిది. బరంపురంలో అచ్చయ్యే 'మహేంద్రవాణి' వారపత్రికలో మూడేళ్ళుగా 'బస్రా బాట' అనే నవల రాస్తోంది. ఇచ్ఛాపురం నుంచి నందిగాం దాకా ఆ నవల వినని ఊరు లేదు. చదవని ఊరు అనలేదు, వినని ఊరు అన్నాను. ఊరికి ఒక ప్రతి వచ్చేది, చదివేవాడు ఒకడుండేవాడు, చుట్టూ కూర్చుని వినేవాళ్ళు నూరుమంది. యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఆవిడ ప్రతి వారం కథ కింద రెండు పంక్తులు కలిపేది. మన ఉద్దానం పిల్లలు బస్రా ఎడారిలో ఉన్నారు, చింతపండు పంపండి, చుట్టలు పంపండి అని. అవి బస్తాలకు బస్తాలు వచ్చి బడి వరండాలో పడేవి. ఇప్పుడు 1919వ సంవత్సరం, నవంబరు నెల. యుద్ధం ముగిసింది, కూలీ పటాలం వాళ్ళు ఒక్కొక్కరే రైలు దిగుతున్నారు. వాళ్ళలో పంతొమ్మిదిమందికి తల దాచుకునే చోటు లేదు. ఒకడి ఇల్లు తుపానులో పోయింది. ఇంకొకడికి కాలు లేదని అన్నదమ్ములు తలుపు తియ్యలేదు. ఆవిడ మళ్ళీ రెండు పంక్తులు రాసింది. ఈసారి కొబ్బరి కమ్మలు, వెదుళ్ళు, చాపలు బళ్ళ మీద వచ్చాయి. లేస్తున్న సావడికి నవలలో నాయకుడి పేరే పెట్టారు, దాలయ్య సావడి అని. నవలలో దాలయ్య రెండేళ్ళ కిందటే బస్రాలో ప్రాణం వదిలాడు. ఆ వారం ఉద్దానంలో పొయ్యి వెలిగించని ఇళ్ళు ఉన్నాయని చెప్పుకుంటారు.

ఆ సావడి ముందుకు శనివారం మధ్యాహ్నం ఖాకీ కోటు తొడుక్కున్న మనిషి ఒకడు వచ్చి, "పంతులమ్మా, నన్ను సంపింది నువ్వేనా?" అని అడిగాడు. మనం ఆగింది అక్కడ.

జీవరత్నమ్మ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని అతన్ని పైనుంచి కిందికి చూసింది. ముప్పై లోపు వయసు. బుగ్గలు లోపలికి పోయాయి. కోటుకు రెండు బొత్తాలే మిగిలాయి. తాగినవాడిలా లేడు, పిచ్చివాడిలా అసలు లేడు.

"చంపానో లేదో తర్వాత తేలుద్దాం. ముందు నీడలోకి రా నాయనా, మంచినీళ్ళు తాగి అడుగు," అంది.

"నీల్లు ఇక్కడే పొయ్యమ్మా. గడప దాటి లోనికి నాను రాకూడదు."

"దీనికింకా గడపే పెట్టలేదు, ఎలగ దాటుతావురా?" అన్నాడు పైనుంచి జెకర్యా. జెకర్యా మిషను వడ్రంగి, మెసపటేమియాలో ఎడమ పాదం వదిలేసి వచ్చినవాడు, ఈ సావడిలో ఉండబోయే పంతొమ్మిదిమందిలో ఒకడు. కర్ర పాదంతోనే కప్పెక్కి కమ్మలు కడుతున్నాడు. దిగమంటే దిగడు.

"అలవాటయిపోనాది అన్నా. ఎనిమిది రోజుల్నించి ఏ గడపా దాటలేదు," అన్నాడు వచ్చినవాడు. దోసిలి పట్టి చెంబెడు నీళ్ళూ తాగాడు.

"ఏ ఊరు మీది? పేరేమిటి?"

"నీలంపేట. బొడ్డమ్మ కొడుకుని. దాలయ్య."

ఉద్దానంలో దాలయ్యా అని పిలిస్తే వీధికి నలుగురు పలుకుతారు. కాని బొడ్డమ్మ కొడుకు దాలయ్య, నూతి పక్కన ఒరిగిన కొబ్బరిచెట్టు ఉన్న ఇంటి దాలయ్య, జీవరత్నమ్మకు తెలిసి ఒక్కడే. ఆ ఒక్కడినీ ఆవిడ తన చేత్తో మట్టి చేసింది.

"నీ భార్య పేరు గౌరి," అంది నెమ్మదిగా.

"నీకు తెలీకేటి. నువ్వే రాసినావు గదా."

అప్పుడు ఆవిడకు అంతా గుర్తొచ్చింది. మూడేళ్ళ కిందట ఇదే పలాస స్టేషనులో, బస్రాకు పోయే పటాలం రైలు కోసం కుర్రాళ్ళు మూటల మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ వాళ్ళకు బెల్లం పానకం పంచింది. అందులో ఒకడు తన తల్లి గురించి, నూతి పక్క కొబ్బరిచెట్టు గురించి, పెళ్ళై నాలుగు నెలలైన గౌరి గురించి చెప్పాడు. అతని పక్కన కూర్చున్న తాతారావు అనేవాడు తన తల్లి ఎండబెట్టే నెత్తళ్ళ చేపల గురించి తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఆవిడ ఇంటికి వెళ్ళి నవల మొదలుపెట్టింది. నాయకుడికి దాలయ్య అని పేరు పెట్టింది. స్నేహితుడికి తాతారావు అని పెట్టింది. తల్లి పేరు బొడ్డమ్మ, భార్య గౌరి, నూతి పక్క కొబ్బరిచెట్టు. ఆ తర్వాత మార్చుకుందాం అనుకుంది, కాని వారం వారం రాసేవాళ్ళకు ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాదు. ఈ సంగతి నాకు చెప్పనక్కర్లేదు.

"నీతో ఒక అబ్బాయి ఉండేవాడు, తాతారావు అని. అతను బాగున్నాడా?" అని అడిగింది.

దాలయ్య మళ్ళీ దోసిలి పట్టాడు. "ఇంకా నీల్లున్నాయేటమ్మా?" అన్నాడు.

ఆవిడ మళ్ళీ పోసింది. రెండో చెంబు తాగాక అతను కూర్చుని, చెప్పవలసింది చెప్పాడు.

"రైలు దిగి నడిసెల్లినాను. మా అమ్మ వాకిట్లో కొబ్బరి పీసు దంసుతున్నాది. నోట్లో అడ్డసుట్ట ఉన్నాది. నన్ను సూసి, సుట్ట తియ్యకండానే లెగిసి లోపలికెల్లి తలుపేసీసింది. అమ్మా నానే అన్నాను. తెల్సురా నాయనా, అంది లోపల్నించి. పెద్దల దినం ఇంకా రాలేదు గదా, ఇప్పుడేల వొచ్చినావు, అంది."

కప్పు మీద జెకర్యా నవ్వబోయి ఆగిపోయాడు.

"పొద్దు వాల్తంటే ఆకులో అన్నం తెచ్చి, పెరట్లో రాయి మీద ఎట్టి, ఎనక్కి తిరక్కండా ఎల్లిపోనాది. నాకు ఆకలేసింది, తిన్నాను. సగం తిన్నాక తెలిసింది, అది నా పిండమే అని."

నీలంపేటలో చనిపోయినవాడికి పెద్దకర్మ అయిపోయాక ఇంటి పెద్దలందరి పేర్లతో కలిపి అతని పేరు కూడా ఒకసారి పైకి చెబుతారు. దాన్నే పెద్దల్లో కలపడం అంటారు. కలిపాక ఆ మనిషికి భోజనం బయటే పెట్టాలి. గడప లోపల అతనికి చోటు ఉండదు. పడవ మీద వెళ్ళి రానివాళ్ళకూ, పరాయి దేశంలో పోయినవాళ్ళకూ గడ్డితో మనిషి బొమ్మ చేసి దహనం చేసి, పెద్దల్లో కలిపేస్తారు. దాలయ్య బొమ్మను రెండేళ్ళ కిందట తగలబెట్టారు. పదో రోజున గౌరి గాజులు తీసేసింది.

"ఎవరు చెప్పారు వాళ్ళకి, నువ్వు పోయావని?" అని అడిగింది జీవరత్నమ్మ. ఆవిడకు జవాబు తెలుసు. అయినా అతని నోటి నుంచి వినాలని అడిగింది.

"నీ కాగితం సెప్పింది. మా మునసబు వైకుంఠరావు గారు ఆదోరం ఆదోరం అరుగు మీద కూకుని సదువుతాడు. మొదటి అచ్చరం కాడ్నించి ఆకరి దాకా ఒకే రాగం. యుద్దం తంతి కబుర్లు సదువుతాడు, కొబ్బరికాయల రేట్లు సదువుతాడు, అదే ఊపులో నీ కత సదువుతాడు. ఏది ఎక్కడ ఆగిందో ఎవులికి తెల్సును? బస్రాలో ఉద్దానం దాలయ్య సచ్చిపోనాడు, బొడ్డమ్మ కొడుకు, గౌరి మొగుడు, అని సదివినాడు. అమ్మ అక్కడే కూకునుంది. నా దగ్గర్నించి ఏడాదై ఉత్తరం లేదు. నమ్మక ఏటి సేత్తాది?"

"నువ్వు బతికొచ్చి ఎదురుగా నిలబడితే కూడా మునసబు నమ్మలేదా?"

"డిచ్చార్జి కాగితం సూపించినాను. ఇంగిలీసులో ఉన్నాది, మా ఊరికి ఇంగిలీసు రాదు అన్నాడు. నువ్వు సచ్చినట్టు తెలుగులో అచ్చయింది, అన్నాడు. అచ్చులో సచ్చినోడు అచ్చులోనే బతకాల, సంపిన నోరే బతికించాల, అన్నాడు. మంచోడే. తన మాట తప్పయిందని ఊరందరి ముందూ ఒప్పుకోలేడు, అంతే."

జీవరత్నమ్మ వెదురు బొంగు మీద కూర్చుండిపోయింది. ఆ వారం ఆవిడకు బాగా గుర్తుంది. బడిలో పరీక్షలు, ఒంట్లో జ్వరం, టపా వెళ్ళే వేళయింది. కథలో ఏదో ఒకటి జరగాలి. దాలయ్యను చంపేసింది. కన్నీళ్ళు పెట్టుకుంటూనే చంపింది, చంపి హాయిగా నిద్రపోయింది. సిగ్గుతో ఆవిడ చెవులు కాలాయి. తన జీవితంలో ఒక్క అబద్ధం ఆడలేదని పిల్లలకు చెప్పుకునే మనిషి, ఒక ఇంటిని రెండేళ్ళు ఏడిపించింది.

అయినా సిగ్గుతో ఎక్కువసేపు కూర్చునే స్వభావం కాదు ఆవిడది.

"సరే, వచ్చే వారం నిన్ను బతికిస్తాను," అంది లేచి. "బస్రాలో పోయింది నీ పోలికలున్న ఇంకొకడు అంటాను. నిన్ను ఒక అరబ్బు ముసలమ్మ కాపాడింది అంటాను. పాఠకులు గంతులేస్తారు."

"వొద్దమ్మా," అన్నాడు దాలయ్య. గొంతు పెంచలేదు. "కతలో బతికితే ఇంకో వారం కతలో మళ్ళీ సంపెయ్యొచ్చు. నాను మళ్ళీ బయటే తినాల. అది కత అని సెప్పు. అబద్దం రాసినానని సెప్పు. మా అమ్మ ముందు సెప్పు."

జెకర్యా కర్ర పాదం టకటకలాడించుకుంటూ నిచ్చెన దిగాడు.

"అక్కా, నువ్వు అలగ సెప్పేత్తే మన గతేటి? ఈ కమ్మలు, ఈ బొంగులు, ఈ సాపలు దాలయ్య పేరు మీద వొచ్చినయ్యి. దాలయ్య సావలేదు, అసలు ఆ కతే లేదంటే ఇంక కమ్మ ఒక్కటి రాదు. సగం కప్పు కింద పంతొమ్మిదిమందిమి ఎలగ తొంగుంటాం? ఇది తుపాన్ల నెల." మూల ఉన్న మూటకేసి చెయ్యి చూపించాడు. "ఇదిగో, తాతారావుకి అని సెప్పి ఎవులో నెల నెలా నెత్తళ్ళ మూట పంపుతారు. కతలో మనిషికి ఎండు సేపలు పంపే జనమిది. వాళ్ళకి అబద్దం అని సెప్తే గుండె పగిలిపోద్ది."

నవలలో తాతారావు ఇంకా బస్రాలోనే ఉన్నాడు. ఖర్జూరపు తోటకు కాపలా కాస్తూ, తల్లి చేతి నెత్తళ్ళ కోసం కలవరిస్తూ ఉంటాడు. ఆ మూట వచ్చినప్పుడల్లా, ఎంత అమాయకురాలో ఈ పంపేది అని జీవరత్నమ్మ ముచ్చటపడి, సావడి వాళ్ళకు వేయించి పెట్టేది.

"నా పాఠకుల సంగతి నాకు వదిలెయ్యి జెకర్యా," అంది. "దాలయ్య పోయాడని విని కమ్మలు పంపినవాళ్ళు, దాలయ్య వచ్చాడని వింటే పంపరా? వాళ్ళు నా నవల మీద జాలిపడలేదు, మనిషి మీద పడ్డారు. ఇప్పుడు మనిషినే తీసుకెళ్ళి చూపిస్తాను. రేపు ఆదివారం. ప్రార్థన బండిలోనే చేసుకుంటాను. బండి కట్టించు."

జెకర్యా ఇంకేదో అనబోయాడు. ఆవిడ అప్పటికే దాలయ్య కోటు బొత్తాలు కుట్టడానికి సూది వెతుకుతోంది.

మర్నాడు మధ్యాహ్నానికి బండి నీలంపేట చేరింది. ఇసకదారి, రెండు పక్కలా కొబ్బరితోటలు, వాటి వెనక సముద్రం హోరు. దాలయ్య ఊరి బయట జీడిమామిడి చెట్టు కిందే దిగిపోయాడు. వద్దన్నా వినలేదు. పిలుపు వచ్చేదాకా రానన్నాడు.

బస్రా బాట పంతులమ్మ వచ్చిందన్న మాట ఆవిడ కంటే ముందే వీధి చివరకు చేరింది. ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి వచ్చారు. ఒకామె బొండాం కొట్టి చేతిలో పెట్టింది. ఇంకొకామె చీర కొంగు పట్టుకుని చూసి, "ఇంత సన్నగున్నావు, అంత కత ఎలగ రాత్తన్నావమ్మా?" అంది. జీవరత్నమ్మకు ఇలాంటివి ఇష్టం. ఇష్టం లేదని ఎప్పుడూ నటించలేదు. కాని ఆ రోజు ఆ బొండాం తాగకుండానే పక్కన పెట్టింది.

వైకుంఠరావు గారి అరుగు ముందు అప్పటికే జనం కూర్చున్నారు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని పత్రిక మడత విప్పుతున్నాడు. అరవై ఏళ్ళ మనిషి, తెల్ల తలపాగా, ఊరిలో అచ్చుని కూడబలుక్కోకుండా చదవగలిగిన ఒకే ఒక్కడు. ఆవిడను చూసి లేచి, చాప వేయించాడు.

"తమరు రావడం మా ఊరి అదృష్టం పంతులమ్మ గారూ. ఈ వారం భాగం తమరి నోటితోనే వినిపించాలి."

"వినిపించడానికి రాలేదు మునసబు గారూ, దిద్దుకోడానికి వచ్చాను," అంది ఆవిడ, అందరికీ వినపడేలా. "దాలయ్య బతికే ఉన్నాడు. చచ్చిపోయాడని రాసింది నేను. అది కథ. నేను కల్పించింది."

జనంలో చిన్న కదలిక. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మ ఒకతె నోట్లోంచి అడ్డచుట్ట తీసింది. నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చే చుట్ట అది. ఆవిడే బొడ్డమ్మ అని ఎవరూ చెప్పకుండానే జీవరత్నమ్మకు తెలిసింది. ఆవిడ వెనక, గుంజకు ఆనుకుని, గాజుల్లేని చేతులు కొంగులో దాచుకుని ఒక పిల్ల నిలబడి ఉంది. గౌరి.

వైకుంఠరావు గొంతు సవరించుకున్నాడు.

"తమరి మాట కాదనను. కాని నోటిమాట గాలికి పోతుంది. అచ్చులో చచ్చాడు కదా మరి. అచ్చులో వస్తే ఒప్పుకుంటాం. చంపిన నోరే బతికించాలని మా పెద్దలంతా కూర్చుని అనుకున్నాం."

"న్యాయమే," అంది జీవరత్నమ్మ. ఆవిడ మొహంలో మొదటిసారి చిన్న నవ్వు కనిపించింది. "అయితే చంపిన నోరు ఎవరిది మునసబు గారూ? ఈ ఊళ్ళో నా నోరు ఎవరూ వినలేదు, నేను ఇవాళే వచ్చాను. చెయ్యి నాది, నోరు మీది. ఈ చెయ్యి ఇప్పుడే రాస్తుంది, ఆ నోరు ఇప్పుడే చదవాలి. అదే అరుగు, అదే రాగం. వచ్చే వారం ఇదే ముక్క బరంపురంలో అచ్చయి వస్తుంది. ఒక్క అక్షరం తేడా వస్తే మీరే నన్ను నిలదీయండి."

జనం వైకుంఠరావు వైపు తిరిగారు. ఆయన కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. దాలయ్య అన్నది నిజమే, మంచివాడు. తప్పు ఒప్పుకొమ్మంటే కష్టపడతాడు గాని, చదవమంటే ఎప్పుడూ కాదనడు.

"రాసి, కాగితం ఇలా ఇవ్వండి," అన్నాడు.

ఆవిడ చాప మీద కూర్చుని, మోకాలి మీద పలక, దాని మీద కాగితం పెట్టుకుని రాసింది. మూడేళ్ళలో అంత చిన్న భాగం ఎప్పుడూ రాయలేదు. ఒక్క మాట కొట్టెయ్యలేదు. వైకుంఠరావు దాన్ని వెలుతురుకు పట్టుకుని, తన అలవాటు రాగంలోనే మొదలుపెట్టాడు.

"నీలంపేట బొడ్డమ్మ కొడుకు, గౌరి భర్త అయిన దాలయ్య బస్రాలో చనిపోలేదు. క్షేమంగా తిరిగి వచ్చినాడు. చనిపోయినట్టు నేను రాసింది కల్పన. అతని పేరు, అతని తల్లి పేరు, అతని భార్య పేరు అడక్కుండా వాడుకున్నాను. బొడ్డమ్మ గారిని, గౌరిని, ఈ ఊరివారిని క్షమించమని అడుగుతున్నాను. ఇట్లు, జీవరత్నం."

రాగం చివర ఆయన కళ్ళద్దాలు మళ్ళీ తీసి తుడుచుకున్నాడు. ఎవరూ పట్టించుకోనట్టు ఊరుకున్నారు.

వెనక నుంచి ఒకామె అడిగింది. "అయితే పంతులమ్మా, ఆ దినం మేం ఏడ్సిన ఏడుపేటి? అదీ అబద్దమేనా?"

"అది నిజమే తల్లీ. అంతా అబద్ధమే గాని మీ ఏడుపు నిజం. లేకపోతే పలాసలో సావడి లేచేదా?"

ఆమె ఒక నిమిషం ఆలోచించింది. "కప్పు సగమే అయ్యిందంటన్నారు. ఇంకెన్ని కమ్మలు కావాల?"

"నాలుగు బళ్ళు."

"మా వీదిదొక బండి," అంది ఆమె. మా వీధిది ఇంకొకటి అన్నారెవరో. జీవరత్నమ్మకు కళ్ళు చెమర్చాయి. జెకర్యా ఇక్కడ ఉంటే బాగుండేది అనుకుంది. తన పాఠకుల మీద తనకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదని అతనితో గట్టిగా చెప్పాలి, ఆ మాట పూర్తిగా నిజం కాకపోయినా.

బొడ్డమ్మ లేచింది. ఎవరినీ చూడకుండా ఇంటివైపు నడిచింది. జనం ఆవిడ వెనకే కదిలారు. ఆవిడ ఇంట్లోకి వెళ్ళి వచ్చేసరికి గౌరి చాట పట్టుకుని గడప ముందు నిలబడి ఉంది. చాటలో పసుపు కలిపిన బియ్యం. పురిటి బిడ్డను ఈ ఊళ్ళో మొదట చాటలోనే పడుకోబెడతారు, చెవిలో మూడుసార్లు పేరు పిలుస్తారు. మూడో పిలుపుతో బిడ్డ ఆ ఇంటివాడవుతాడు. పెద్దల్లో కలిసిన మనిషి తిరిగి రావాలంటే కూడా అదే దారి. ఎవరికీ గుర్తున్నంతలో ఒక్కడే వచ్చాడట ఆ దారిన, పడవ తిరగబడ్డ జాలరి ఒకడు, బొడ్డమ్మ చిన్నతనంలో.

దాలయ్యను పిలుచుకొచ్చారు. కోటుకు కొత్త బొత్తాలు. అతను గడపకు రెండడుగుల ఇవతల ఆగాడు. గౌరి చాటను అతని కాళ్ళ ముందు పెట్టింది. తల ఎత్తలేదు.

"రెండేళ్ళు నీ పేర పెట్టిన కూడు కాకులు తిన్నాయి," అంది మెల్లగా. "ఈ పూట నువ్వు తిను."

దాలయ్య రెండు పాదాలూ చాటలో పెట్టాడు. బియ్యం గలగలమంది. జీవరత్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పుస్తకంలో ఇంత బాగా రాయగలనా అనుకుంది. వెంటనే ఆ ఆలోచనకు తనను తనే తిట్టుకుంది.

బొడ్డమ్మ మునివేళ్ళ మీద లేచి కొడుకు చెవి అందుకుంది.

"దాలయ్యా," అని పిలిచింది. ఒకటి.

జనం ఇంకాస్త దగ్గరికి జరిగారు.

"దాలయ్యా." రెండు.

"ఒక్క మాట పంతులమ్మా," అని జనం వెనక నుంచి ఎవరో అన్నారు.

జనం పక్కకు తప్పుకున్నారు. రేవులో చేపలు ఎండబెట్టే రత్నాలమ్మ, బక్కపలచని మనిషి, చేతిలో ఒక గుడ్డమూట. నెత్తళ్ళ వాసన ఆమె కంటే ముందే వచ్చింది. ఆ మూట ముడిని జీవరత్నమ్మ గుర్తుపట్టింది. నెల నెలా సావడికి వచ్చే మూట ముడి అదే.

"ఈ నెలది నీ సేతికే ఇద్దారని తెచ్చినాను," అంది రత్నాలమ్మ. "మునసబు గారు సదివింది విన్నాను. దాలయ్య సచ్చిపోనాడని రాసింది అబద్దం అన్నావు. మంచిదే, పిల్లడు వచ్చీసినాడు. కాని తల్లీ, మా తాతారావు బతికే ఉన్నాడని, కరజూరం తోట కాత్తన్నాడని గూడా నువ్వే గదా రాసినావు. వారం వారం అది ఇనే నాను ముద్ద మింగుతున్నాను." ఆమె మూటను రెండు చేతులతో పట్టుకుంది. "అదీ అబద్దమేనేటి?"

మూడేళ్ళుగా ఏ వారమూ జీవరత్నమ్మకు మాట తడుముకోవలసిన అవసరం రాలేదు. ఆవిడ కళ్ళు తమంతట తామే దాలయ్య వైపు తిరిగాయి. నిన్న సావడి దగ్గర తాతారావు గురించి అడిగితే అతను ఇంకో చెంబు నీళ్ళు ఎందుకు అడిగాడో అప్పుడు అర్థమైంది.

బొడ్డమ్మ మూడో పిలుపు కోసం మళ్ళీ కొడుకు చెవి అందుకోబోయింది. దాలయ్య ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. ఖాకీ కోటు లోపలి జేబులోంచి, నలిగిన గుడ్డలో చుట్టిన దేన్నో బయటికి తీశాడు.

"అమ్మా, ఉండు. మూడోసారి పిలవకు," అన్నాడు రత్నాలమ్మనే చూస్తూ. "ఈ మాట బతికినోడిగా సెప్పలేను. సచ్చినోడిగానే సెప్పేసి, అప్పుడు ఇంట్లోకి వత్తాను."